చిన్న క్రీడా సమాఖ్యకు కొత్త సీఈఓ: ఏ స్థితిలో ఎలాంటి అభ్యర్థి సరిపోతారు?

ఆదరణ అంతగా లేని ఒక క్రీడను నడిపే సమాఖ్యలో సీఈఓ పదవి ఖాళీ అయిందనగానే పాలకమండలి సభ్యులు తమకు తెలిసినవారి పేర్లు తలచుకోవడం మొదలుపెడతారు. ఆ పనిని కనీసం రెండు మూడు వారాలు వాయిదా వేయగలిగితే ఎంపికలో జరిగే పొరపాట్లు చాలావరకు తగ్గుతాయని నా అభిప్రాయం. పేర్లు ఒకసారి బయటికి వచ్చాక చర్చంతా మనుషుల మంచిచెడ్డల మీదికి మళ్ళుతుంది, ఆ మనిషి వచ్చి చేయవలసిన పని ఏమిటన్న ప్రశ్న వెనకబడిపోతుంది. అందువల్ల ఇక్కడ మొదట పని గురించి, ఆ తర్వాతే అభ్యర్థుల గురించి మాట్లాడుకుందాం.

పదవి స్వరూపం

పెద్ద క్రీడల్లో సీఈఓ కింద ఆర్థిక, వాణిజ్య, న్యాయ, ప్రచార విభాగాలకు వేర్వేరు అధిపతులు ఉంటారు. పదిమంది ఉద్యోగులతో, అంతకు ఎన్నో రెట్లు ఎక్కువమంది స్వచ్ఛంద కార్యకర్తలతో నడిచే సమాఖ్యలో ఆ విభాగాలన్నీ ఒక్కరి బల్ల మీదే ఉంటాయి. పొద్దున గ్రాంటు దరఖాస్తు రాసి, మధ్యాహ్నం జట్టు ఎంపికపై వచ్చిన అప్పీలుకు జవాబిచ్చి, సాయంత్రం ఒక క్లబ్బు కార్యదర్శి అలక తీర్చవలసిన ఉద్యోగం ఇది. పెద్ద సంస్థల్లో పనులు పురమాయించడానికి అలవాటుపడినవారు ఇక్కడికి వచ్చి, పురమాయించడానికి మనుషులు లేరని గ్రహించేసరికి ఆరు నెలలు గడిచిపోతాయి.

రెండో విషయం, అధ్యక్షుడికీ సీఈఓకీ మధ్య గీత ఎక్కడ ఉందన్నది. ఎన్నికైన అధ్యక్షుడు, పాలకమండలి కలిసి దిశను నిర్ణయించాలి, జీతం తీసుకునే సీఈఓ దాన్ని అమలు చేయాలి, చేసినదానికి మండలికి లెక్క చెప్పాలి. వినడానికి ఇది తేలికగానే ఉంటుంది కానీ, అధ్యక్షులు చాలామంది ఏళ్ల తరబడి జీతం లేకుండా సమాఖ్యను తమ భుజాల మీద మోసినవారు కాబట్టి, ఆ బరువును మరొకరికి అప్పగించడం వారికి అంత సులభం కాదు. అధికారమంతా ఒకే చేతిలో దీర్ఘకాలం నిలిచిపోతే ఏమవుతుందో అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య చరిత్ర చూపిస్తుంది. తమాష్ అయాన్ 1976 నుంచి 2000 వరకు అక్కడ ప్రధాన కార్యదర్శిగా, ఆ తర్వాత 2020 వరకు అధ్యక్షుడిగా ఉన్నారు. ఆయన దిగిపోయాక 2020 జూన్‌లో వెలువడిన, న్యాయవాది రిచర్డ్ మెక్‌లారెన్ జరిపిన స్వతంత్ర విచారణ నివేదిక, కోటీ నాలుగు లక్షల డాలర్లకు లెక్క దొరకడం లేదని తేల్చింది. చెక్కుల మీద ఎవరు సంతకం చేస్తారు, స్పాన్సర్లతో ఎవరు మాట్లాడతారు, ఉద్యోగులను ఎవరు తీసుకుంటారు, పత్రికలకు ఎవరు జవాబిస్తారు అన్న నాలుగు విషయాలను ఉద్యోగ ప్రకటన వెలువడక ముందే కాగితం మీద పెట్టి మండలి చేత ఆమోదింపజేయడం అవసరం. మంచి అభ్యర్థులు ఇంటర్వ్యూలో ముందుగా అడిగేది కూడా ఇదే.

సమాఖ్య ఏ స్థితిలో ఉంది?

ఏ సీఈఓ అయినా అన్ని పనులూ సమానంగా చేయలేరు. వచ్చే నాలుగేళ్లలో, అంటే ఒక ఒలింపిక్ చక్రంలో, సమాఖ్యకు అన్నిటికన్నా ముఖ్యమైన అవసరం ఏదో మండలి తేల్చుకోవాలి. నేను గమనించినంతలో, నిలకడగా ఉన్న కొన్నిటిని మినహాయిస్తే, చిన్న సమాఖ్యలు సాధారణంగా మూడు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటాయి.

మొదటిది డబ్బు ఎండిపోయిన స్థితి. రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో బ్రిటన్ జోడీ కాంస్యం గెలిచిన కొద్ది నెలలకే, 2016 డిసెంబరులో, ఆ క్రీడకు ప్రభుత్వ సంస్థ యూకే స్పోర్ట్ తర్వాతి చక్రానికి నిధులు నిలిపివేసింది. పతకం తెచ్చినంత మాత్రాన గ్రాంటు నిలుస్తుందన్న భరోసా లేదని అందరికీ తెలిసివచ్చింది. ఒకే దాత మీద ఆధారపడిన సమాఖ్య సీఈఓకు ఆటలో గెలుపోటముల కన్నా ఆదాయ వనరులను విస్తరించడమే మొదటి పని అవుతుంది.

రెండోది నమ్మకం పోయిన స్థితి: వేధింపుల ఆరోపణలు, డోపింగ్, లెక్కల్లో తేడాలు, ఎంపికల్లో పక్షపాతం. ఇక్కడ సీఈఓ చేయవలసిన మొదటి పని వినడం. ఆ తర్వాత అప్రియమైన నిర్ణయాలు తీసుకోవడం.

మూడోది తలుపు తెరుచుకున్న స్థితి. 2023 అక్టోబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో స్క్వాష్, లక్రాస్ (వల ఉన్న కర్రలతో బంతిని ఆడే జట్టు ఆట), ఫ్లాగ్ ఫుట్‌బాల్ వంటివాటికి చోటిచ్చింది. అంతవరకు నిధులకోసం తలుపులు తట్టిన సమాఖ్యల దగ్గరికి ఒక్కసారిగా ప్రభుత్వాలు, ప్రసార సంస్థలు, కొత్త క్లబ్బులు వచ్చి నిలబడతాయి. అప్పుడు రాబట్టడం కన్నా వచ్చినదాన్ని సద్వినియోగం చేయడం కష్టమైన పని అవుతుంది.

మా సమాఖ్య ఈ మూడింటిలోనూ ఉందని మండలి సభ్యులు చెప్పవచ్చు. అది నిజమే కావచ్చు. అయినా ఒకదాన్ని ముందు పెట్టక తప్పదు, ఎందుకంటే అభ్యర్థులను కొలిచే తూకం దాన్నిబట్టే మారుతుంది.

మాజీ క్రీడాకారులు, ఇంటి మనుషులు

మాజీ క్రీడాకారుడి పేరు వినగానే సభ్యుల ముఖాలు వెలుగుతాయి. ఆటగాళ్లు ఆ మనిషి మాట వింటారు, పత్రికలు రాస్తాయి, మంత్రిని కలవడానికి సమయం దొరుకుతుంది. ఇవి చిన్న ప్రయోజనాలు కావు. అయితే పతకం గెలిచినవారు ఆ క్రీడ శిఖరాన్ని చూసినవారే తప్ప, ఆదివారం పొద్దున అద్దె హాలు తాళం తీసి పిల్లలకు ఆట నేర్పే క్లబ్బు కష్టాలు వారికి తెలిసి ఉండాలని లేదు. పాత జట్టులోని స్నేహాలు, వైరాలు కూడా వారి వెంటే ఆఫీసుకు వస్తాయి. ఆడిన అనుభవం ఉంటే అదనపు బలంగా లెక్కించాలి, అర్హతగా మాత్రం కాదు. ఆట మానేశాక మరో రంగంలో పదేళ్లు బాధ్యతగా పనిచేసిన మాజీ క్రీడాకారులు వేరే కోవకు చెందుతారు, వారి సంగతి కాస్త తర్వాత చెబుతాను.

ఇంటి మనిషి, అంటే ఉప కార్యనిర్వాహకుడిగానో అభివృద్ధి అధికారిగానో ఇప్పటికే పనిచేస్తున్న వ్యక్తి, తక్కువ అంచనాకు గురవుతారన్నది నా ఫిర్యాదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, బయటి అభ్యర్థిని బయోడేటాలోని మంచి రోజులతోనూ, లోపలి అభ్యర్థిని అందరూ కళ్లారా చూసిన చెడ్డ రోజులతోనూ కొలుస్తారు. సమాఖ్య నిలకడగా ఉండి, డబ్బు చాలినంత ఉండి, ప్రణాళిక సగంలో ఉన్నప్పుడు ఇంటి మనిషిని కాదని బయటివారిని తేవడం అంటే ఒక ఏడాది నష్టపోవడమే. నమ్మకం పోయిన స్థితిలో మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆ వ్యక్తి తప్పు చేయకపోయినా, తప్పు జరిగిన రోజుల్లో అదే గదిలో ఉన్నారన్న మాట వెంటాడుతూనే ఉంటుంది, పాత సహోద్యోగులపై చర్య తీసుకోవలసి వచ్చినప్పుడు చేయి వణుకుతుంది.

వ్యాపార రంగం నుంచి వచ్చేవారు

ఈ వర్గంపై మండళ్లకు ఉన్న మోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి. లెక్కలు చదవడం, ఒప్పందాలు కుదర్చడం, గడువులోగా పని పూర్తిచేయడం వంటి విషయాల్లో వీరు చాలామంది క్రీడా పాలకులకన్నా మెరుగు. డబ్బు ఎండిపోయిన సమాఖ్యకు వీరి రాక ఊపిరి పోసినట్టే ఉంటుంది. చిక్కు మరో చోట ఉంది. కంపెనీలో నష్టం తెచ్చే శాఖను మూసేయవచ్చు, సమాఖ్యలో బలహీనమైన క్లబ్బును మూసేయలేరు, ఎందుకంటే ఆ క్లబ్బుకు ఓటు ఉంది, ఆ ఓటుతో ఎన్నికైన మండలే సీఈఓను నియమించింది. కంపెనీలో పని చేయనివారిని తొలగిస్తారు, ఇక్కడ రిఫరీలు, కోచ్‌లు, పోటీల నిర్వాహకులు చాలామంది జీతం లేకుండా పనిచేస్తున్నవారు కాబట్టి, వారిని ఆజ్ఞాపించడం కుదరదు, ఒప్పించుకోవాలి.

స్పాన్సర్‌షిప్‌ను కేవలం ఆదాయంగా చూసే అలవాటు కూడా ప్రమాదమే. 2022లో ఆస్ట్రేలియా నెట్‌బాల్ సంస్థ హ్యాంకాక్ ప్రాస్పెక్టింగ్ అనే గనుల కంపెనీతో ఒకటిన్నర కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆ కంపెనీ వ్యవస్థాపకుడు దశాబ్దాల క్రితం ఆదివాసులపై చేసిన వ్యాఖ్యల విషయంలో జాతీయ జట్టు క్రీడాకారిణులు తమ అభ్యంతరం తెలపడంతో వివాదం పెరిగి, అక్టోబరులో కంపెనీ ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. ఆ డబ్బు అవసరం సంస్థకు నిజంగానే ఉంది. క్రీడాకారిణుల అభ్యంతరమూ నిజమైనదే. సంతకానికి ముందు ఆటగాళ్లతో కూర్చుని మాట్లాడే అలవాటు ఉన్న సీఈఓకూ, సంతకం అయ్యాక వారికి సమాచారం ఇచ్చే సీఈఓకూ తేడా ఇలాంటి చోటే బయటపడుతుంది. కాబట్టి వ్యాపార రంగ అభ్యర్థిని, ఎంత డబ్బు తెచ్చారని అడగడంతో ఆపకుండా, తన కింద పనిచేయనివారిని ఒప్పించి ఏ పని సాధించారో ఉదాహరణతో చెప్పమని అడగాలి. జవాబు కోసం ఎక్కువసేపు తడుముకుంటే అదే జవాబు.

అమెరికా జిమ్నాస్టిక్స్ సంస్థ ఉదంతం ఈ పోలికంతటికీ అద్దం వంటిది. ఆ క్రీడ అక్కడ మరీ చిన్నదేమీ కాదు కానీ పాఠం అన్ని సమాఖ్యలకూ వర్తిస్తుంది. జట్టు వైద్యుడి లైంగిక దాడులు బయటపడ్డాక 2017 మార్చిలో అప్పటి అధిపతి రాజీనామా చేశారు. ఆ డిసెంబరులో మార్కెటింగ్ రంగం నుంచి కెర్రీ పెర్రీ వచ్చారు. బాధితుల నమ్మకాన్ని చూరగొనలేకపోయారన్న విమర్శల మధ్య, అక్కడి ఒలింపిక్ కమిటీ నాయకత్వ మార్పు కోరడంతో 2018 సెప్టెంబరులో ఆమె వైదొలిగారు. తర్వాత తాత్కాలికంగా వచ్చిన మాజీ కాంగ్రెస్ సభ్యురాలు మేరీ బోనో నాలుగు రోజులకే రాజీనామా చేశారు, ఆమె పాత ట్వీట్‌నూ, గత ఉద్యోగ సంబంధాలనూ ఎవరూ ముందుగా పరిశీలించినట్టు కనిపించలేదు. డిసెంబరులో సంస్థ దివాలా రక్షణ కోరింది. 2019 మార్చిలో బాధ్యతలు తీసుకున్న లీ లీ లియంగ్ ఒకప్పుడు విశ్వవిద్యాలయ స్థాయి జిమ్నాస్ట్, ఆ తర్వాత బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఉపాధ్యక్షురాలు. 2021 డిసెంబరులో బాధితులతో 38 కోట్ల డాలర్ల పరిష్కారం కుదిరింది, ఆమె 2025 వరకు ఆ పదవిలో కొనసాగారు. రంగం నుంచి దూరంగా వెళ్లి పని నేర్చుకుని తిరిగివచ్చిన మాజీ క్రీడాకారుల గురించి ఇందాక ఆపిన మాట ఇదే: ఆట భాషా తెలుసు, ఆట పెద్దలకు బాకీ పడి కూడా లేరు.

మరో క్రీడ నుంచి వచ్చే పాలనాధికారి

వేరే చిన్న క్రీడలో ఇదే పని చేసిన వ్యక్తిని నేను ఎక్కువ స్థితుల్లో ముందు వరుసలో పెడతాను. గ్రాంటు చక్రాలు, ఆటగాళ్ల ప్రతినిధులతో సంప్రదింపులు, సర్వసభ్య సమావేశాల రాజకీయం, డోపింగ్ నిరోధక నియమావళి వంటివి నేర్చుకోవడానికే కొత్తవారికి ఏడాది పడుతుంది, వీరికి మొదటి రోజే తెలుసు. 2027 జనవరి 1 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ కొత్త నియమావళి అమల్లోకి వస్తున్న సమయంలో ఈ తేడా చిన్నది కాదు. ఆట నియమాలను ఒక సీజన్‌లో నేర్చుకోవచ్చు. పైగా పాత వర్గాలలో దేనికీ చెందరు.

లక్రాస్ అంతర్జాతీయ సమాఖ్య 2017లో జిమ్ షెర్‌ను సీఈఓగా తీసుకుంది. ఆయన 1988 ఒలింపిక్స్‌లో పాల్గొన్న మల్లయోధుడు, తర్వాత అమెరికా ఒలింపిక్ కమిటీ అధిపతి. లక్రాస్ కుటుంబానికి బయటివాడు, ఒలింపిక్ వ్యవస్థకు మాత్రం పాత కాపు. 2018లో ఆ సమాఖ్యకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తాత్కాలిక గుర్తింపు, 2021లో పూర్తి గుర్తింపు లభించాయి. జట్టుకు పది మంది బదులు ఆరుగురితో ఆడే సిక్సెస్ రూపాన్ని కూడా 2021లోనే ప్రవేశపెట్టారు, 2028 క్రీడల్లో ఆడబోయేది అదే. ఈ ఘనతంతా ఒక్కరిదే అనడం అన్యాయం అవుతుంది. అయినా ఏ గది తలుపు ఎప్పుడు తట్టాలో తెలిసిన మనిషి ఉండటం వల్ల కలిగే ప్రయోజనం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

వీరి లోపం వేరే. పాత సమాఖ్యలో ఫలించిన పథకాన్ని పేరు మార్చి ఇక్కడ దించే ప్రలోభం వీరికి ఉంటుంది. ఒలింపిక్ చోటు కోసం క్రీడ స్వరూపాన్నే మార్చవలసి వచ్చినప్పుడు, మార్పు సరైనదైనా, చేసే తీరు గాయాలు మిగులుస్తుంది. టోక్యో క్రీడల్లో గుర్రపు స్వారీ పోటీ వివాదం తర్వాత 2021 నవంబరులో, ఐదు పోటీలు కలిసిన ఆట అయిన ఆధునిక పెంటాథ్లాన్ సమాఖ్య స్వారీని తొలగించాలని నిర్ణయించినప్పుడు, తమను సంప్రదించలేదని అనేకమంది క్రీడాకారులు బహిరంగంగానే నిరసన తెలిపారు. స్వారీ స్థానంలో అడ్డంకుల పరుగు వచ్చింది, 2028లో క్రీడకు చోటూ దక్కింది. ఫలితం దక్కినా, సొంత ఆటగాళ్లతో తగవు పెట్టుకుని దాన్ని సాధించిన సమాఖ్యలో సీఈఓ పని ఎంత కష్టమో ఊహించవచ్చు. ఇలాంటి అభ్యర్థిని, గత సమాఖ్యలో ఏ ప్రతిపాదనను సభ్యుల మాట విని విరమించుకున్నారో అడగాలి. ఇంకో చిన్న అనుమానం కూడా సబబే: ఈ పదవి పెద్ద క్రీడకు వెళ్లే దారిలో ఒక మజిలీ మాత్రమేనా? అయినా మూడేళ్లు బాగా పనిచేసి వెళ్లిపోయేవారు, పదేళ్లు ఊరకే కూర్చునేవారి కన్నా నయమే.

ప్రభుత్వ శాఖల నుంచి, స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చేవారి విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. గ్రాంటు రాతల్లో, నియమపాలనలో వీరు దిట్టలు, స్పాన్సర్ ముందు కూర్చుని బేరమాడటంలో సాధారణంగా వెనకబడతారు. ఆదాయంలో అధికభాగం ప్రభుత్వానిదే అయిన సమాఖ్యకు ఇది పెద్ద లోటు కాదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

డబ్బు ఎండిపోయినప్పుడు వ్యాపార రంగం నుంచి వచ్చేవారికీ, మరో చిన్న క్రీడలో ఆదాయం పెంచి చూపినవారికీ మధ్యే పోటీ ఉండాలి. ఇద్దరూ సమానంగా ఉంటే నేను రెండోవారి వైపే మొగ్గుతాను, తక్కువ డబ్బుతో పని నడపడం అలవాటైనవారు కాబట్టి. నమ్మకం పోయినప్పుడు ఇంటి మనిషిని, ఆ తరం మాజీ క్రీడాకారులను పక్కన పెట్టి, బయట పేరు సంపాదించినవారిని తీసుకోవాలి. తలుపు తెరుచుకున్నప్పుడు ఒలింపిక్ వ్యవస్థ తెలిసినవారికి సాటి లేదు. నిలకడగా ఉన్న సమాఖ్యకు ఇంటి మనిషే మేలు.

ఇది సీఈఓ ఒక్కరితోనే తేలే విషయం కాదని 2013లో కుస్తీ చూపింది. ఆ ఫిబ్రవరిలో కుస్తీని 2020 ఒలింపిక్స్ నుంచి తప్పించాలని ఒలింపిక్ కమిటీ కార్యవర్గం సిఫారసు చేసిన కొద్ది రోజులకే అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడు రాజీనామా చేశారు. నేనద్ లాలొవిచ్ నాయకత్వంలో నియమాలు మార్చి, మహిళల విభాగాలు పెంచి, సెప్టెంబరు కల్లా పోయిన చోటును తిరిగి సంపాదించుకున్నారు. అక్కడ పైనున్న ఎన్నికైన నాయకత్వమే మారింది. మండలి తాను మారడానికి సిద్ధంగా లేనప్పుడు ఎంతటి సీఈఓను తెచ్చినా మార్పు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మండలిలో కనీసం నాలుగో వంతు స్వతంత్ర సభ్యులు ఉండాలని బ్రిటన్ క్రీడా పాలన నియమావళి కోరడంలో ఉద్దేశం ఇదే. ఎంపిక సంఘంలోనైనా ఏ క్లబ్బుకూ చెందని ఒకరిద్దరిని, ప్రస్తుతం ఆడుతున్న ఒక క్రీడాకారుడిని లేదా క్రీడాకారిణిని కూర్చోబెట్టడం మంచిది.

పరీక్షించే తీరు

ఇంటర్వ్యూలో మాటకారితనం గెలుస్తుంది, ఉద్యోగంలో గెలవదు. అందుకని తుది జాబితాలోని ముగ్గురు నలుగురికి సమాఖ్య గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు ముందుగా పంపి, వాటిలో తమను ఆందోళనపరిచిన మూడు విషయాలు చెప్పమనాలి. ఒక అసంతృప్త క్లబ్బు నుంచి వచ్చిన ఫిర్యాదు లేఖను, పేర్లు తీసేసి, ఇచ్చి, గంటలో జవాబు రాయమనాలి. ఈ రెండు పరీక్షలు నాలుగు గంటల ఇంటర్వ్యూ కన్నా ఎక్కువ చెబుతాయి. గతంలో పనిచేసిన చోట పై అధికారులను మాత్రమే కాక, కింద పనిచేసినవారిని, ఒక ఆటగాళ్ల ప్రతినిధిని కూడా విచారించాలి. ప్రజా జీవితంలో చేసిన ప్రకటనలు, సామాజిక మాధ్యమాల్లో రాతలు, ఇతర సంస్థలతో ఆర్థిక సంబంధాలు పరిశీలించడం నియామకానికి ముందే పూర్తికావాలి.

జీతం విషయంలో మొహమాటం వద్దు. ఇవ్వగలిగిన మొత్తాన్ని ప్రకటనలోనే వెల్లడించడం వల్ల ఎవరి సమయమూ వృథా కాదు. పూర్తికాల జీతం ఇవ్వలేని సమాఖ్య, పేరుకు పూర్తికాలమని చెప్పి సగం జీతం ఇవ్వడం కన్నా, వారానికి మూడు రోజుల ఉద్యోగమని స్పష్టంగా ప్రకటించి, దానికి తగ్గట్టు పనులు తగ్గించుకోవడం నయం. అభ్యర్థులను వెతికిపెట్టే ఏజెన్సీలకు ఇచ్చే రుసుము చిన్న సమాఖ్యకు పెద్ద ఖర్చే, ఇతర క్రీడల సమాఖ్యలకు నేరుగా ప్రకటన పంపితే చాలాసార్లు అదే ఫలితం వస్తుంది.

తుది జాబితాలో ఎవరూ సరిపోకపోతే ఉన్నవారిలో మేలైనవారిని తీసుకోవాలన్న ఒత్తిడి మండలిపై గట్టిగానే ఉంటుంది, ముఖ్యంగా పెద్ద పోటీ దగ్గరపడుతున్నప్పుడు. అప్పుడు ఆరు నెలలకు ఒక తాత్కాలిక సీఈఓను పెట్టుకుని మళ్లీ ప్రకటన ఇవ్వడమే తక్కువ నష్టం. అయితే ఆ తాత్కాలిక వ్యక్తి శాశ్వత పదవికి పోటీపడవచ్చా లేదా అన్నది మొదటి రోజే లిఖితపూర్వకంగా తేల్చాలి. అది తేలకపోతే ఆ ఆరు నెలలూ ప్రతి నిర్ణయాన్నీ ఎన్నికల ప్రచారంగానే అందరూ చూస్తారు, బయటి నుంచి దరఖాస్తు చేయాలనుకునేవారు ఫలితం ముందే ఖాయమైందని భావించి వెనక్కు తగ్గుతారు.